మైదానానికి దూరంగా అభిమాని: క్రీడావ్యాపారం, బ్రాండింగ్, డిజిటల్ మార్కెటింగ్ - జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఐపీఎల్, ప్రొ కబడ్డీ వంటి ఫ్రాంచైజీ లీగ్‌ల రాకతో క్రీడ పెద్ద వ్యాపారంగా మారింది. ఈ వ్యాపారాన్ని సాధారణంగా జట్టు యజమానుల, ప్రకటనకర్తల వైపు నుంచి వివరిస్తారు. స్టేడియానికి దూరంగా ఉండి, టీవీ ద్వారా, చేతిలోని ఫోను ద్వారా మాత్రమే జట్టును అనుసరించే అభిమాని వైపు నుంచి దీనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. జట్ల పేర్లు ఎలా ఏర్పడ్డాయి, ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది, డిజిటల్ మార్కెటింగ్ అభిమానిని ఎలా చేరుతుంది, అందుకు అభిమాని ఏ రూపంలో మూల్యం చెల్లిస్తున్నాడు అనే అంశాలను ఇది వివరిస్తుంది. దూరప్రాంత అభిమాని చూపే శ్రద్ధే ఈ వ్యాపారానికి మూలధనమని, అయినా ఆ మూలధనంపై అభిమానికి ఏ హక్కూ లేదని, ఈ అంతరాన్ని తగ్గించే జట్టే నిలకడైన బ్రాండ్‌గా మిగులుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రీడాభిమాని, ఫ్రాంచైజీ, బ్రాండింగ్, ప్రసార హక్కులు, డిజిటల్ మార్కెటింగ్, తెలుగు టైటాన్స్, సన్‌రైజర్స్ హైదరాబాద్, గ్రామీణ క్రీడలు.

1. ఉపోద్ఘాతం

ఇండియన్ ప్రీమియర్ లీగ్ 2008 ఏప్రిల్ 18న, ప్రొ కబడ్డీ లీగ్ 2014 జూలై 26న మొదలయ్యాయి. అంతకుముందు తెలుగునాట క్రీడాభిమానికి ప్రధానంగా రెండు జట్లుండేవి. ఒకటి దేశం జట్టు, రెండోది ఊరి జట్టు. ఈ రెండింటికీ నడుమ ఫ్రాంచైజీ అనే మూడో జట్టు వచ్చి చేరింది. దానికి ఒక యజమాని, ఒక రంగు, ఒక చిహ్నం, ఒక నినాదం ఉంటాయి. ఆటగాళ్లు వేలంలో వస్తారు, వేలంలో వెళ్తారు. యజమాని మారవచ్చు, పేరు మారవచ్చు. వీటన్నిటి మధ్య మారకుండా నిలిచేది అభిమాని ఒక్కడే.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాల పునర్విభజనలో ఏర్పడ్డాయి. మూడింటికీ పూర్వపు వరంగల్ జిల్లాయే ప్రధాన మాతృక. అంతకు సుమారు ఐదు వారాల ముందు, 2016 సెప్టెంబరు 5న, జియో మొబైల్ సేవలు దేశంలో ప్రారంభమయ్యాయి. ఈ రెండు సంఘటనలకూ పరస్పర సంబంధం లేదు. అయితే ఈ జిల్లాల్లోని యువత కొత్త జిల్లా కేంద్రాన్ని, చవకైన డేటాను దాదాపు ఒకేసారి పొందింది. నేటి క్రీడాభిమానాన్ని అర్థం చేసుకోవడానికి ఈ కాలసామీప్యం ఉపకరిస్తుంది.

హైదరాబాద్‌లో ఐపీఎల్ మ్యాచ్‌లు జరిగే రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియం ఉప్పల్‌లో, వరంగల్ రహదారి వైపున ఉంది. జనగామ వాసులకు అది ఎనభై కిలోమీటర్ల లోపు దూరం. మహబూబాబాద్, భూపాలపల్లి వాసులకు సుమారు రెండు వందల కిలోమీటర్లు. జనగామ, మహబూబాబాద్ పట్టణాలకు రైలు సౌకర్యం ఉంది. భూపాలపల్లి వాసులు రోడ్డు మార్గంపైనే ఆధారపడాలి. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ ముగిసేసరికి పదకొండు దాటుతుంది. తిరుగు ప్రయాణం, మరునాటి కూలి లేదా తరగతి, సింగరేణి గనుల్లో పనిచేసేవారికైతే షిఫ్టు వేళలు అన్నీ లెక్కలోకి వస్తాయి. అందువల్ల ఈ ప్రాంతంలోని అత్యధిక అభిమానులకు జట్టు అంటే తెరపై కనిపించేదే. ఈ వ్యాసంలో 'దూరప్రాంత అభిమాని' అన్న మాటను ఈ అర్థంలోనే వాడటం జరిగింది.

2. అభిమాని, వినియోగదారుడు: ఒక భేదం

మార్కెటింగ్ శాస్త్రంలో బ్రాండ్ అంటే కేవలం గుర్తు కాదు. ఒక పేరు వినగానే మనసులో కలిగే భావాల సముదాయం బ్రాండ్. సబ్బు, టూత్‌పేస్ట్ వంటి వస్తువుల విషయంలో నాణ్యత తగ్గితే వినియోగదారుడు మరో బ్రాండుకు మారతాడు. క్రీడాభిమాని అలా మారడు. జట్టు ఓడిన కొద్దీ బాధపడతాడు, విమర్శిస్తాడు, మరుసటి సీజన్‌కు మళ్లీ ఎదురుచూస్తాడు. వస్తువు పాడైనా కొనుగోలుదారు నిలిచి ఉండే మార్కెట్ ఇది. క్రీడావ్యాపారానికి ఉన్న అసాధారణ బలం ఇదే. అభిమాని బలహీనత కూడా ఇదే.

తెలుగు టైటాన్స్ కబడ్డీ జట్టు ఇందుకు మంచి ఉదాహరణ. ప్రొ కబడ్డీ ఎనిమిదో సీజన్‌లో ఆ జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. తొమ్మిదో సీజన్‌లో రెండు, పదో సీజన్‌లో రెండు గెలిచింది. అంటే మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లు ఆడి ఐదు విజయాలు. పదో సీజన్ వేలంలో పవన్ సెహ్రావత్‌ను ఆనాటికి రికార్డు ధర అయిన 2.605 కోట్ల రూపాయలకు తీసుకున్నా ఫలితం మారలేదు. వేరే ఏ వ్యాపారంలోనైనా ఇంతటి వైఫల్యం తర్వాత బ్రాండ్ కనుమరుగవుతుంది. కానీ 2024లో పదకొండో సీజన్ హైదరాబాద్ గచ్చిబౌలిలోనే మొదలైంది, 2025లో పన్నెండో సీజన్ విశాఖపట్నంలో మొదలైంది. ఆ సీజన్‌లో టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు చేరింది. ఓటముల కాలమంతటా ఆ పేరును నిలిపింది ధర పలికిన ఆటగాళ్లు కాదు, చూడటం మానని ప్రేక్షకులు.

3. పేరులోని ఊరు: జట్ల నామకరణం

ఫ్రాంచైజీ పేరులో సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఒకటి స్థలాన్ని సూచిస్తుంది, రెండోది గుణాన్ని లేదా సంస్థను సూచిస్తుంది. స్థలవాచకం అభిమానిని పిలుస్తుంది. రెండో భాగం యజమానిది. ఈ రెండింటి మధ్య సమతూకం ఎటు మొగ్గుతుందో చూస్తే ఆ బ్రాండ్ స్వభావం తెలుస్తుంది.

2008 జనవరిలో జరిగిన తొలి ఐపీఎల్ వేలంలో హైదరాబాద్ ఫ్రాంచైజీని డెక్కన్ క్రానికల్ సంస్థ 10.7 కోట్ల అమెరికన్ డాలర్లకు కొనుగోలు చేసింది. జట్టుకు దక్కన్ చార్జర్స్ అని పేరు పెట్టింది. 'దక్కన్' అన్న పదం పీఠభూమిని సూచిస్తుంది, యజమాని పత్రికను కూడా గుర్తుచేస్తుంది. హైదరాబాద్ అన్న పదం జట్టు పేరులో లేదు. 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన రెండో సీజన్‌లో ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఈ జట్టు విజేతగా నిలిచింది. మరుసటి ఏడాది, 2010లో, తెలంగాణ ఉద్యమ పరిస్థితుల దృష్ట్యా హైదరాబాద్‌లో మ్యాచ్‌లు జరగలేదు. విజేత జట్టు తన 'సొంత' మ్యాచ్‌లను కటక్, నాగపూర్, నవీ ముంబైలలో ఆడింది. ఉద్యమానికి పట్టుగొమ్మయిన పూర్వ వరంగల్ జిల్లా యువతకు ఇది విలక్షణమైన స్థితి. సొంత ప్రాంతం కోసం జరిగే పోరాటం ఒకవైపు, సొంత ప్రాంతపు జట్టు పరాయి మైదానాల్లో ఆడటం మరోవైపు. 'హోమ్ గ్రౌండ్' అన్నది వ్యాపార ఒప్పందంలోని ఒక అంశమేనని, అవసరమైతే దానిని తరలించవచ్చునని ఆ సీజన్ తెలియజేసింది.

2012 సెప్టెంబరులో దక్కన్ చార్జర్స్ ఫ్రాంచైజీని భారత క్రికెట్ నియంత్రణ మండలి రద్దు చేసింది. అదే ఏడాది అక్టోబరులో చెన్నై కేంద్రంగా గల సన్ టీవీ నెట్‌వర్క్ ఏటా 85.05 కోట్ల రూపాయల బిడ్‌తో హైదరాబాద్ ఫ్రాంచైజీని దక్కించుకుంది. సన్‌రైజర్స్ హైదరాబాద్ అన్న పేరులో ఈసారి నగరం చేరింది. అయితే దానికంటే ముందు సూర్యుడు నిలిచాడు. ఆ సూర్యుడు యజమాని సంస్థ పేరులోనూ ఉన్నాడు. 2016లో డేవిడ్ వార్నర్ నాయకత్వంలో జట్టు విజేత అయింది. తర్వాతి కాలంలో ఇదే యాజమాన్యం దక్షిణాఫ్రికా లీగ్‌లో సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్‌ను నెలకొల్పింది. 2023, 2024 సంవత్సరాల్లో ఆ జట్టు విజేతగా నిలిచింది. ఇంగ్లండ్‌లోని 'ది హండ్రెడ్' పోటీలో లీడ్స్ జట్టును కూడా ఈ యాజమాన్యం సొంతం చేసుకుంది. ఖండాలు దాటి ప్రయాణించినది 'సన్‌రైజర్స్' అన్న మాట. 'హైదరాబాద్' మాత్రం హైదరాబాద్‌లోనే ఉంది. బ్రాండ్ విలువలో ఎవరి వాటా ఏమిటో ఈ ఒక్క విషయం స్పష్టం చేస్తుంది.

తెలుగు టైటాన్స్ మార్గం వేరు. ప్రొ కబడ్డీలో ఎక్కువ జట్లు నగరాల, రాష్ట్రాల పేర్లు పెట్టుకోగా తెలుగు టైటాన్స్, తమిళ్ తలైవాస్ భాష పేరు పెట్టుకున్నాయి. ప్రొ కబడ్డీ మొదలైన 2014లోనే రాష్ట్ర విభజన జరిగింది. నగరం పేరు పెడితే ఒక రాష్ట్రం దూరమయ్యే కాలంలో భాష పేరు రెండు రాష్ట్రాలనూ కలిపింది. వ్యాపారపరంగా ఇది వివేకవంతమైన నిర్ణయం. మహబూబాబాద్ జిల్లాలోని తండాల్లో లంబాడీ భాష, మహబూబాబాద్, భూపాలపల్లి అటవీ గ్రామాల్లో కోయ భాష ఇంటి భాషలుగా ఉన్నాయన్న సంగతి మాత్రం ఈ పేరులో కనిపించదు. ఆ ఇళ్లలోని పిల్లలు కూడా ఇదే జట్టు అభిమానులు. బ్రాండ్ పేరు ఎవరినైనా కలుపుకోగలదు. అయితే పేరు ఎవరిని వదిలిందో గమనించడం పరిశోధకుల పని.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఉదంతం మరింత విచారకరమైనది. ఈ ఫుట్‌బాల్ క్లబ్ 2019లో ఏర్పడింది. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీని గెలిచింది. యాజమాన్యం మారిన తర్వాత, 2025లో, క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ట్రోఫీ గెలిచిన మూడేళ్లకే నగరం తన క్లబ్‌ను కోల్పోయింది. ఆ నిర్ణయంలో అభిమానికి ఓటు లేదు.

4. ఆదాయ మూలం: టికెట్టా, తెరా?

ఉప్పల్ స్టేడియంలో సుమారు 39 వేల మంది కూర్చోగలరు. ఒక సీజన్‌లో అక్కడ జరిగే మ్యాచ్‌లు ఏడెనిమిదికి మించవు. కాబట్టి టికెట్ల ఆదాయానికి సహజమైన హద్దు ఉంది. తెరకు ఆ హద్దు లేదు. ఐపీఎల్ ప్రసార హక్కులను 2018-22 కాలానికి స్టార్ ఇండియా 16,347.5 కోట్ల రూపాయలకు పొందింది. 2023-27 కాలానికి టీవీ, డిజిటల్ హక్కులను విడివిడిగా వేలం వేయగా మొత్తం 48,390 కోట్లు పలికాయి. ఐదేళ్లలో 410 మ్యాచ్‌ల అంచనాపై లెక్కిస్తే ఒక్కో మ్యాచ్ విలువ దాదాపు 118 కోట్లు. ఈ హక్కుల సొమ్ములో పెద్ద భాగం జట్లకు పంపిణీ అవుతుంది. గెలిచినా ఓడినా జట్టుకు స్థిరమైన రాబడి ఇదే.

ఈ సొమ్మును ప్రసార సంస్థ ఎందుకు చెల్లిస్తుంది? ప్రకటనకర్తలు ఇస్తారు కాబట్టి. ప్రకటనకర్తలు ఎందుకు ఇస్తారు? చూసేవారు ఉన్నారు కాబట్టి. ఆ చూసేవారిలో ఉప్పల్ గ్యాలరీలో కూర్చున్నవారి వాటా అతి స్వల్పం. జనగామ టీ కొట్టులో, మహబూబాబాద్ హాస్టల్ గదిలో, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్‌లో చూసేవారి వంటి కోట్లాదిమంది శ్రద్ధే ఆ గొలుసుకు తొలి కొస. గ్యాలరీలోని జనం తెరపై కనిపించే దృశ్యానికి శోభనిస్తారు. దృశ్యానికి ధర కట్టేది తెర ముందున్నవారి సంఖ్య.

అందుకే డిజిటల్ హక్కుల విలువ అంతగా పెరిగింది. 2023లో జియోసినిమా ఐపీఎల్‌ను ఉచితంగా ప్రసారం చేసింది. ఆ ఏటి ఫైనల్‌ను ఒకే సమయంలో 3.2 కోట్ల మంది చూశారని ఆ సంస్థ ప్రకటించింది. ఇటువంటి సంఖ్యలను చదవడంలో కొంత జాగ్రత్త అవసరం. ఒక ఫోను చుట్టూ నలుగురు కూర్చుంటే లెక్కలో ఒక్కటే. ఒక్కరే రెండు పరికరాలు తెరిస్తే లెక్కలో రెండు. గ్రామాల్లో మొదటి పద్ధతి సర్వసాధారణం. దూరప్రాంత అభిమాని లెక్కలోకి వస్తాడు గానీ పూర్తిగా రాడు.

5. డిజిటల్ మార్కెటింగ్ అభిమానిని చేరే దారులు

డిజిటల్ మార్కెటింగ్ మూడు దారుల్లో దూరప్రాంత అభిమానిని చేరుతుంది. అవి భాష, వ్యక్తి, ధర.

మొదటిది భాష. స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు చానల్ 2018 డిసెంబరులో ప్రారంభమైంది. డిజిటల్ ప్రసారంలో కూడా ప్రేక్షకుడు తన భాషలోని వ్యాఖ్యానాన్ని ఎంచుకునే వీలు కలిగింది. ఆంగ్ల వ్యాఖ్యానం అర్థంకాక స్కోరు మాత్రమే చూసే వృద్ధులకు, గృహిణులకు ఆటలోని మర్మం తెలియడం దీనివల్ల కలిగిన నిజమైన మేలు. వ్యాపారపరంగా చూస్తే తెలుగు వ్యాఖ్యానం ఎంచుకున్న క్షణంలోనే ప్రేక్షకుడి భాష, ప్రాంతం ప్రకటనకర్తకు సూచనప్రాయంగా తెలుస్తాయి. భాష సేవ కూడా, వర్గీకరణ సాధనం కూడా.

రెండోది వ్యక్తి. 2020 లాక్‌డౌన్ కాలంలో డేవిడ్ వార్నర్ తెలుగు సినిమా పాట 'బుట్టబొమ్మ'కు కుటుంబంతో కలిసి చేసిన నృత్యం టిక్‌టాక్ ద్వారా తెలుగు లోగిళ్లన్నిటికీ చేరింది. ఏ ప్రకటన సంస్థా కొనలేని ఆత్మీయత అది. 2021 మే నెలలో జట్టు ఆయనను నాయకత్వం నుంచి తప్పించింది. 2022 నుంచి ఆయన ఢిల్లీ జట్టుకు ఆడారు. అయినా తెలుగు ప్రేక్షకులతో ఆయన బంధం తెగలేదు. 2025లో విడుదలైన తెలుగు చిత్రం 'రాబిన్‌హుడ్'లో ఆయన అతిథి పాత్రలో కనిపించారు. ఆటగాడి వ్యక్తిగత బ్రాండ్, జట్టు బ్రాండ్ వేర్వేరన్న సూత్రానికి ఇది నిదర్శనం. జట్టు వదులుకున్న ఆటగాణ్ణి అభిమాని వదులుకోలేదు. ఈ జిల్లాల వీధుల్లో హైదరాబాద్ జెర్సీ పక్కనే ధోని, కోహ్లి పేర్లున్న పసుపు, ఎరుపు జెర్సీలు కనిపించడానికి కారణం ఇదే. స్టేడియం ఎంత దూరమైతే నగరబంధం అంత పలచబడుతుంది, వ్యక్తిబంధం అంత చిక్కబడుతుంది.

మూడోది ధర. 2024 నవంబరులో డిస్నీ స్టార్, వయాకామ్18 వ్యాపారాల విలీనం పూర్తయింది. 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ వచ్చింది. ఆ ఏడాది ఐపీఎల్‌కు ముందు, 299 రూపాయలు లేదా అంతకు మించిన రీచార్జితో 90 రోజుల ప్రసారం ఉచితమని జియో ప్రకటించింది. 'ఉచితం' అన్న మాట ఇక్కడ రీచార్జిలో కలిసిపోయింది. అభిమాని విడిగా చందా కట్టడు గాని, డబ్బు, సమయం, చూపు, చూసే అలవాట్ల సమాచారం నాలుగూ ఇస్తాడు.

ఈ సమాచారానికి చట్టపరమైన రక్షణ ఇప్పుడిప్పుడే రూపుదిద్దుకుంటోంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో ఆమోదం పొందింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తాయి. పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి ఉండాలని, వారి ప్రవర్తనను వెంబడించి ప్రకటనలు చూపరాదని ఆ చట్టం చెబుతుంది. తండ్రి ఫోనులో కొడుకు మ్యాచ్ చూసే ఇళ్లలో ఈ నిబంధన ఎలా అమలవుతుందన్నది ఆలోచించవలసిన ప్రశ్న. యాప్‌కు ఆ పిల్లవాడు తండ్రిగానే కనిపిస్తాడు.

6. అభిమానం పందెంగా మారే చోటు

దూరప్రాంత అభిమాని చెల్లించే మూల్యంలో అత్యంత ప్రమాదకరమైనది పందెం. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అందువల్ల డ్రీమ్11 వంటి ఫాంటసీ వేదికలు ఈ రాష్ట్రవాసులను డబ్బు పోటీల్లోకి అనుమతించలేదు. అదే డ్రీమ్11 2020లో ఐపీఎల్ ప్రధాన ప్రాయోజకుడైంది. 2023 నుంచి భారత క్రికెట్ జట్టు జెర్సీపై దాని పేరు కనిపించింది. జనగామ విద్యార్థి తన రాష్ట్ర చట్టం అనుమతించని సేవ పేరును దేశం జట్టు గుండెలపై ప్రతిరోజూ చూశాడు. చట్టం ఒకటి చెబుతుంటే బ్రాండ్ మరొకటి చెప్పిన కాలం అది.

2025 ఆగస్టు 22న ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను, వాటికి జరిగే బ్యాంకు చెల్లింపులను ఈ చట్టం దేశవ్యాప్తంగా నిషేధించింది. నిర్వాహకులకు, ప్రచారకర్తలకు శిక్షలున్నాయి గానీ ఆడినవారిని నేరస్తులుగా చూడలేదు. ఆ వెంటనే జెర్సీ ఒప్పందం ముగిసింది. సెప్టెంబరులో అపోలో టైర్స్ ఆ స్థానంలోకి వచ్చింది.

అక్రమ బెట్టింగ్ యాప్‌ల సంగతి దీనికంటే తీవ్రమైనది. 2025 మార్చిలో తెలంగాణలో వీటి ప్రచారకర్తలపై కేసులు నమోదయ్యాయి. దర్యాప్తుకు ప్రత్యేక బృందం ఏర్పడింది. ఈ యాప్‌లు అభిమానిని చేరే మార్గం డిజిటల్ మార్కెటింగ్ పాఠ్యపుస్తకంలోని మార్గమే. తెలిసిన ముఖం, తెలుగు మాట, తొలి విడత ఉచితం. మ్యాచ్‌ను ప్రేమించేవాడికి 'నీకు ఆట తెలుసు కదా' అన్న పొగడ్త తేలికగా ఎక్కుతుంది. ఆట తెలియడం వేరు, తరువాతి బంతి ఫలితం తెలియడం వేరు. మొదటిది అభిమానం, రెండోది ఎవరికీ లేని విద్య. అప్పుల బారిన పడిన కుటుంబానికి ఈ తేడా ఆలస్యంగా తెలుస్తుంది.

7. ఊరి ఆట: మరో నమూనా

ఫ్రాంచైజీ నమూనా ఒక్కటే క్రీడాబ్రాండింగ్ కాదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని ఊరుగా ప్రసిద్ధం. ఆయన 'పండితారాధ్య చరిత్ర' ఆనాటి జానపద కళలకు, ఆటలకు, వినోదాలకు విలువైన ఆధారమని సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. ఆటను సమాజ జీవితంలో భాగంగా చూసే దృష్టి ఈ నేలకు కొత్తది కాదు.

నేటికీ సంక్రాంతి సెలవుల్లో, వేసవిలో గ్రామాల్లో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీలు జరుగుతాయి. వాటికి ఒక ఆర్థిక వ్యవస్థ ఉంది. జట్లు ప్రవేశ రుసుము కడతాయి. మొదటి బహుమతి ఒకరు, రెండో బహుమతి మరొకరు, భోజనాలు ఇంకొకరు ఇస్తారు. చాలా పోటీలు మరణించిన వారి స్మారకంగా జరుగుతాయి. ఫ్లెక్సీపై దాతల ఫొటోలుంటాయి. మార్కెటింగ్ పరిభాషలో వీరే ప్రాయోజకులు, ఫ్లెక్సీయే ప్రకటన ఫలకం. తేడా ఒక్కటే. ఇక్కడి ప్రాయోజకుడిని ప్రేక్షకుడు ప్రశ్నించగలడు. బహుమతి సొమ్ము ఇవ్వకపోతే మరునాడు ఊళ్లో ముఖం చూపించడం కష్టం. వాట్సాప్ సమూహాల్లో మ్యాచ్‌ల పట్టిక, యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం కూడా ఇప్పుడు ఈ పోటీల్లోకి వచ్చాయి. సాధనాలు పెద్ద లీగ్‌లవే, జవాబుదారీతనం మాత్రం ఊరిది.

ప్రొ కబడ్డీ ఈ ఊరి ఆటనే తీసుకుని 30 సెకన్ల గడియారం, 'డూ ఆర్ డై రైడ్', వెలుగుల చాప జోడించి టీవీకి తగినట్టు మలచింది. చెడుగుడు అని పిలుచుకున్న ఆట గౌరవం దీనితో పెరిగిందన్నది వాస్తవం. అదే సమయంలో 'కూత' అన్న చక్కని తెలుగు మాట వెనక్కి పోయి 'రైడ్' ముందుకు వచ్చింది. తెలుగు పేరున్న జట్టుకు తెలుగు ఆటపదాలను నిలబెట్టే అవకాశం ఉంది. అది ఖర్చులేని బ్రాండింగ్ కూడా.

భూపాలపల్లిలో సింగరేణి సంస్థ ఉద్యోగుల క్రీడాపోటీల సంప్రదాయం మరో నమూనా. ఇక్కడ ఆట లాభం కోసం కాదు, శ్రామికుల ఆరోగ్యం, ఐక్యత కోసం. సంస్థ పేరు దానంతటదే నిలుస్తుంది.

పొరుగునున్న వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 మే నెలలో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచారు. ఆమె వెనుక ఫ్రాంచైజీ లేదు, సీజన్ అంతటా సాగే ప్రచారం లేదు. ఈ ప్రాంతపు అభిమాని శ్రద్ధలో ఐపీఎల్‌కు రెండు నెలలు దక్కితే ఆమెకు దక్కినది కొన్ని రోజులే. శ్రద్ధ పరిమితమైన ధనం. దానిని ఎక్కడ వెచ్చిస్తున్నామన్న స్పృహ అభిమానికి అవసరం.

8. అభిమాని దృష్టిలో నిలకడైన బ్రాండ్

ప్రపంచంలో ఇతర చోట్ల అభిమాని స్థానం వేరుగా ఉంది. జర్మనీ ఫుట్‌బాల్ లీగ్‌లో '50+1' నియమం ప్రకారం సాధారణంగా క్లబ్ ఓటు హక్కుల్లో సగానికి మించి సభ్యుల చేతుల్లోనే ఉండాలి. 2021 ఏప్రిల్‌లో ఐరోపాలోని 12 పెద్ద క్లబ్‌లు సూపర్ లీగ్‌ను ప్రకటించగా అభిమానుల నిరసనతో ఆరు ఇంగ్లండ్ క్లబ్‌లు రెండు రోజుల్లోనే వెనక్కి తగ్గాయి. అభిమాని సంఘటితమైతే యజమాని వింటాడని ఈ ఉదంతం చూపింది.

అభిమానిని కేవలం జనసమూహంగా చూస్తే ఏమవుతుందో 2025 జూన్ 4న బెంగళూరు చూసింది. విజయోత్సవం సందర్భంగా చిన్నస్వామి స్టేడియం వద్ద జరిగిన తొక్కిసలాటలో 11 మంది మరణించారు. జట్టు సామాజిక మాధ్యమాల్లో ఇచ్చిన పిలుపులు జనాన్ని రప్పించాయని కర్ణాటక ప్రభుత్వం హైకోర్టుకు ఇచ్చిన నివేదికలో పేర్కొంది. ఒక పోస్టు ఎంతమందిని కదిలించగలదో తెలిసిన సంస్థకు ఆ కదలిక పర్యవసానాల బాధ్యత కూడా ఉంటుంది.

ఈ నేపథ్యంలో దూరప్రాంత అభిమాని వైపు నుంచి నాలుగు అపేక్షలను సూచించవచ్చు. ఒకటి, జట్టు ఏ ప్రాంతం పేరు వాడుకుంటుందో ఆ ప్రాంతపు జిల్లా కేంద్రాల్లో ఆటగాళ్ల శిక్షణ శిబిరాలు, ఎంపిక పోటీలు నిర్వహించాలి. రెండు, దూరప్రాంత విద్యార్థులకు కొన్ని టికెట్లు, తిరుగు బస్సు సౌకర్యం కల్పించాలి. జీవితంలో ఒక్కసారి గ్యాలరీలో కూర్చున్న పిల్లవాడు ఏ ప్రకటనా ఇవ్వలేని విధేయతను ఇస్తాడు. మూడు, సామాజిక మాధ్యమాల్లో తెలుగును పండుగ శుభాకాంక్షలకే పరిమితం చేయకుండా ఆట నియమాలు, ఆటగాళ్ల శ్రమ, గాయాల నివారణ వంటి విషయాలు చెప్పడానికి వాడాలి. నాలుగు, బెట్టింగ్ ప్రమాదంపై హెచ్చరికను జట్టు తన సొంత గొంతుతో చెప్పాలి. పందెం యాప్ మాట నమ్మే కుర్రవాడు తన అభిమాన ఆటగాడి మాట కూడా నమ్ముతాడు.

9. ముగింపు

క్రీడావ్యాపారం అభిమానానికి శత్రువు కాదు. దానివల్లనే కబడ్డీ ఆటగాడికి కోట్ల రూపాయల వేతనం దక్కింది, తెలుగు వ్యాఖ్యానం వచ్చింది, భూపాలపల్లి కార్మికుడు షిఫ్టు ముగిశాక మ్యాచ్ ముఖ్యాంశాలను ఫోనులో చూడగలుగుతున్నాడు. అయితే ఈ వ్యాపారపు లెక్కల పుస్తకంలో ఆటగాళ్ల ధర, హక్కుల ధర, జెర్సీ ధర ఉన్నాయి గానీ అభిమానానికి పద్దు లేదు. దక్కన్ చార్జర్స్ అంతరించినప్పుడు, హైదరాబాద్ ఎఫ్‌సీ తరలిపోయినప్పుడు ఆ లోటు బయటపడింది. యజమాని నష్టాన్ని కోర్టులు, ఒప్పందాలు లెక్కగట్టాయి. అభిమాని నష్టాన్ని ఎవరూ లెక్కగట్టలేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి ప్రాంతాలను జట్లు ఇంతవరకు ప్రేక్షకుల సంఖ్యగానే చూశాయి. వాటిని ఆటగాళ్లు పుట్టే నేలగా, భాష ఊపిరి పోసుకునే నేలగా చూసిన రోజున జట్టు పేరులోని ఊరు నిజమవుతుంది. అంతవరకు అభిమాని చేయగలిగిన పని ఒకటుంది. తన సమయం, తన డబ్బు, తన సమాచారం ఎటు వెళ్తున్నాయో తెలుసుకుని, వాటిలో కొంత భాగాన్ని తన ఊరి మైదానానికి మిగుల్చుకోవడం.